జపానువారి కొయ్య అచ్చు చిత్రము: ఫ్యూజీ కొండ, దారిన పోవు జనము

మన సంఘ కార్యాలయములో నూలు తూచు త్రాసుకు ఎదుటి గోడపై ఒక బొమ్మ వ్రేలాడుచుండుట సభ్యులందరు చూచియే యుందురు. మన సభ్యులలో ఒకరి కుమారుడు ఉద్యోగరీత్యా జపాను వెళ్ళి, తిరిగి వచ్చునప్పుడు తెచ్చి యిచ్చిన క్యాలెండరులోని పుట అది. నెల దాటిపోయినను పుట త్రిప్పుటకు మాకు చేతులు రాలేదు. నూలుకు వచ్చినవారు తమ వంతు వచ్చువరకు దానినే చూచుచు నిలబడుచున్నారు. "ఎగిరిపోయే ఆ కాగితాలు ఎవరివి, సెక్రటరీ గారూ?" అని ఒకరు అడిగిరి. పెద్దలొకరు "ఏమయ్యా, కొండకు రంగు వేయకుండ వదిలినారేమి? కూలి గిట్టలేదా?" అని నవ్విరి. కడచిన నెలలో గోడతెరలు నేయు సభ్యులిద్దరు వచ్చి "దీనిని మగ్గము మీద దించవచ్చునా?" అని అడిగినారు. ఈ కడపటి ప్రశ్నకు జవాబు చెప్పవలెనన్న మొదటి రెండింటిని తెలిసికొనక తప్పదు. మేము చిత్రకళ చదివినవారము కాము. అయినను పుస్తకములు తెప్పించి చదివి, తెలిసినంత వరకు ఇచట వ్రాయుచున్నాము.

ఈ బొమ్మను గీసినవాడు హొకుసాయి. 1760లో పుట్టి 1849లో చనిపోయినాడు. ఇప్పటి టోక్యో నగరమును ఆ కాలమున ఎడో అనెడివారు. అతని కాపురము అచటనే. ఫ్యూజీ కొండను అనేక స్థలముల నుండి చూచినట్లు చూపుచు 'ఫ్యూజీ కొండ ముప్పదియారు దృశ్యములు' అను వరుస బొమ్మలను అతడు 1830 ప్రాంతమున మొదలుపెట్టెను. అప్పటికి అతనికి 70 ఏండ్లు. వరుస బాగుగా అమ్ముడుపోయినందున ఇంకొక పది చేర్చిరి. కాబట్టి పేరు ముప్పదియారే అయినను బొమ్మలు 46. మన గోడమీదిది అందులో ఒకటి. దానిపేరు 'సురుగ దేశములోని ఎజిరి'. ఎడో నుండి క్యోటోకు పోవు తోకాయిదో అను పెద్ద బాటలో 53 మజిలీలుండెడివి. వానిలో 18వది ఎజిరి. ఇప్పుడది షిజువోక నగరములో కలిసియున్నది.

బొమ్మను చూడుడు. రెల్లు పెరిగిన చిత్తడి నేలలో వంకరలు తిరిగిన కాలిబాట. దానిపై కొందరు బాటసారులు. రాజులు కారు, జమీందారులు కారు. కాలినడకను పోవు సామాన్యులు. ఒక్కసారిగా పెద్ద గాలి కొట్టినది. ఒకని టోపీ ఆకాశమునకు లేచిపోయినది. మిగిలినవారు తమ టోపీలను రెండు చేతుల నొక్కిపట్టి వంగిపోయినారు. ఎడమ ప్రక్కన ఒక స్త్రీ తలగుడ్డ ముఖము మీదికి తిరుగబడినది. ఆమె రొమ్మున అంగీమడతలో దాచుకొన్న కాగితములు జారి, పక్షుల బారువలె ఒకదాని వెనుక నొకటి పైకి ఎగిరిపోవుచున్నవి. మన ఆడవారు చెంగున రూపాయి ముడివేసికొన్నట్లు, జపానువారు చేతిగుడ్డకు బదులు మడత కాగితములను రొమ్మున ఉంచుకొనుట వాడుక. కాగితములెవరివి అని అడిగినవారికి ఇదే సమాధానము. పక్కనే రెండు సన్నని చెట్లు ఒకే ప్రక్కకు వంగినవి, వాని ఆకులును కాగితములతో కలిసి పోవుచున్నవి.

ఇందులో గాలి గీయబడలేదు. గాలికి రూపు లేదు గదా. గుడ్డ, కాగితము, ఆకు, టోపీ, వంగిన నడుము, వీనిని చూచియే మనకు గాలి తెలియుచున్నది. వెనుక కొండ మాత్రము కదలలేదు. ఆ కొండను ఒక్క గీతతో గీసి వదలినాడు. లోపల రంగు లేదు, బండలు లేవు, చెట్లు లేవు, ఒట్టి కాగితము. ముందు ఇంత అల్లరి జరుగుచుండగా వెనుక కొండకు కూడ రంగులు దట్టించినచో చూపు చెదరిపోవును. ఖాళీగా విడుచుటచేతనే అది నిలిచినది. చీరలో ఒంటి నిండ బుటాలు పెట్టి అంచు కూడ గజిబిజి చేసినచో ఏమగునో మన నేతగాండ్రకు వేరుగ చెప్పనక్కరలేదు. కనుక పెద్దలు నవ్వులాటకన్నట్లు కూలి గిట్టక వదలిన పని కాదు. ఫ్యూజీ ఎత్తు 3776 మీటర్లు. జపానులో దానికి మించిన కొండ లేదు. అది అగ్నిపర్వతము, కడపటిసారి 1707లో ప్రేలినది. వారికి అది పూజనీయమైన కొండ కూడ.

ఇక తయారీ సంగతి. మన వృత్తివారికి పనికివచ్చునది ఇదియే గాన కొంచెము నిలిచి చెప్పుదుము.

ఇది చేతితో ఒక్కొక్కటిగా రంగులు వేసిన చిత్రము కాదు. కొయ్య దిమ్మెలతో అచ్చు వేసినది. ఇట్టి రంగురంగుల అచ్చు బొమ్మలు 1765 నుండి ఎడోలో ప్రబలినవి. వానికి జనము పెట్టిన పేరు 'నిషికి-ఎ'. నిషికి యనగా పలు రంగుల పట్టుతో పూలెత్తి నేసిన ఖరీదైన బట్ట. ఎ యనగా బొమ్మ. కాగితము మీది బొమ్మ బాగున్నదని చెప్పుటకు వారికి నేత కంటె గొప్ప పోలిక దొరకలేదన్నమాట! ఆ పట్టు నేతకు క్యోటోలోని నిషిజిన్ పేట పేరుపడినది. 1872లో ఆ నేతవారిని ముగ్గురిని ఫ్రాన్సులోని లియోన్ పట్టణమునకు పంపి, మరుసటి ఏడు జకార్డు యంత్రమును జపానుకు తెప్పించిరి. మన మగ్గము నెత్తిన ఉన్నదియు ఆ జకార్డే. ఇది దారి తప్పిన మాట; అసలు సంగతికి వత్తము.

ఒక బొమ్మకు నలుగురు పనివారు. మొదటివాడు ప్రకాశకుడు, పెట్టుబడి ఇతనిది, ఏ బొమ్మ అమ్ముడుపోవునో ఎంచువాడితడు. ఈ వరుసను వేయించినవాడు నిషిమురాయా యోహచి. రెండవవాడు గీయువాడు. మూడవవాడు చెక్కువాడు. నాలుగవవాడు అద్దువాడు.

గీయువాడు పలుచని కాగితముపై నల్లగీతలతో బొమ్మ గీసి యిచ్చును. చెక్కువాడు ఆ కాగితమును అడవి చెర్రీ కొయ్య పలకపై బోర్లించి అంటించి, కాగితముతో సహా చెక్కివేయును. గీత నిలుచును, చుట్టునున్న కొయ్య పోవును. హొకుసాయి స్వహస్తముతో గీసిన కాగితము ఆ పనిలో నాశనమైపోవును. మన ముందున్న గీత చెక్కువాని ఉలి విడిచిన గీతయే గాని హొకుసాయి కుంచె గీత కాదు. తలవెండ్రుకలు, ముఖములు పెద్ద పనివాడు చెక్కును. ఖాళీ స్థలములలో కొయ్యను త్రవ్వి తీయుట శిష్యుల పని. ఈ విద్య పట్టుబడుటకు ఏండ్లు పట్టెడిది.

ఆ తరువాత ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క దిమ్మె. ఒకే కాగితమును ఇన్ని దిమ్మెలపై వరుసగా పెట్టునప్పుడు రంగు గీత దాటిపోకుండుటెట్లు? ప్రతి దిమ్మెకు ఒక మూలన మూలమట్టము వంటి గాడి, ప్రక్క అంచున ఒక నిలువు గాడి చెక్కుదురు. వానిని 'కెంతో' అందురు. కాగితపు మూలను మొదటి గాడిలోను, అంచును రెండవ గాడిలోను ఆనించిన చాలు. ఎన్ని దిమ్మెలైనను రంగు తన చోటనే పడును. చిటికి నేయువారికి ఈ బాధ తెలియును. కట్టి అద్దిన పేకను అంచు దగ్గర గుర్తు చూచి ప్రతి పోటుకు సర్దకపోయిన పువ్వు చెదరిపోవును గదా. జపాను అద్దకగానికి ఇంకొక చిక్కు కూడ కలదు. అద్దుటకు ముందు కాగితమును తడిపి యుంచవలెను. తడికి కాగితము సాగును, కొయ్య ఉబ్బును. దానిని కనిపెట్టి అవసరమైనచో గాడిని సవరించుకొనుచు పోవలెను. తేమను బట్టి పడుగు బిగించువారమే గనుక మనకిది క్రొత్తగాదు.

కాగితము కూడ సామాన్యమైనది కాదు. ఒక జాతి మల్బరీ చెట్టు బెరడు నారతో చేసినది. దానికి పటిక, జిగురు కలిపిన ద్రావకము పట్టింతురు, రంగు ప్రాకకుండుటకు. రంగులో బియ్యపు గంజి కొంచెము కలుపుదురు, రంగు సమముగ పరచుకొనుటకు. దిమ్మెపై కుంచెతో రంగు పూసి, కాగితము పెట్టి, వెనుక నుండి 'బారెన్' అను గుండ్రని మెత్తతో రుద్దుదురు. బారెన్ లోపల వెదురు పొర నారతో పేనిన త్రాడు చుట్ట యుండును. పైన వెదురు పొరయే తొడుగు. మర లేదు, ఒత్తు యంత్రము లేదు, భుజబలమే. పడుగుకు గంజి పట్టించి కుంచె తీయు మనవారు ఆ పని చూచినచో, ఇది మా పనియే అందురు.

ఆకాశము పైభాగమున ముదురుగ మొదలై క్రిందికి వచ్చుకొలది తేలిపోవు నీలమును ఈ వరుసలోని పెక్కు బొమ్మలలో చూడవచ్చును. దీనికి వేరు దిమ్మె లేదు. అద్దువాడు దిమ్మెను తడిపి, ఒక వైపు మాత్రమే రంగు పెట్టి, తుడిచి తుడిచి పలుచన చేయును. దీనిని 'బొకాషి' అందురు. ప్రతి ప్రతికి మరల చేయవలెను. అందుచేత ఒకే దిమ్మె నుండి వచ్చినను రెండు ప్రతులు అచ్చముగా ఒకటిగా ఉండవు. దిమ్మెలు అరిగినకొద్ది గీతలు మొద్దుబారును. తొలి ప్రతులకు నేటికిని ధర ఎక్కువ యుండుటకు ఇది ఒక కారణము.

నీలమును గురించి ఒక మాట. అంతకుముందు వారు నీలిమందు ఆకు నుండి తీసిన నీలమును, ఒక పువ్వు నుండి తీసిన నీలమును వాడెడివారు. పువ్వు నీలము తొందరగ వెలిసిపోవును. 18వ శతాబ్దపు మొదట జర్మనీలోని బెర్లినులో ఇనుమునుండి చేసిన ఒక నీలము పుట్టినది. దానినే ప్రష్యన్ నీలము అందురు. జపానువారు బెర్లిను పేరు పలుకరాక 'బెరో' నీలము అనిరి. అది విదేశీ ఓడలలో వచ్చెడిది. 1830 నాటికి ధర దిగివచ్చినది. నిషిమురాయా దానిని గట్టిగా వాడినాడు. మొదటి 36 బొమ్మలలో గీతలు కూడ నల్లసిరాతో గాక నీలముతో అద్దబడినవి. తరువాత చేర్చిన పదింటిలోనే నల్లగీతలు. మన గోడ మీది బొమ్మ మొదటి వానిలోనిది. మన అద్దకమువారు ఆశపడి ఆ రంగు కొరకు వెదుకవద్దు. కాగితముపై అది నిలుచును గాని క్షారమునకు తాళజాలదు. సబ్బు, సోడా తగిలిన బట్టపై చెడిపోవును. మనకు వ్యాట్ నీలమే శరణ్యము.

నేతవారు చూడదగిన ఇంకొక ఫ్యూజీ బొమ్మ కలదు. హిరోషిగే అను వేరొక చిత్రకారుడు 1857లో వేసినది. ఎడోలోని కందా పేటలో అద్దకమువారి వీధి, కోన్యా-చో. వీధి పొడవునా ఎత్తైన కొయ్యలపై అద్దిన బట్టలు తానులు తానులుగ ఆరవేసి యున్నవి. వాని నడుమ దూరముగా ఫ్యూజీ. ఆ బొమ్మలో మనిషి ఒక్కడును లేడు, బట్టలే జనము. మన పేటలలో అద్దకపు రోజున చూచు దృశ్యమునకు కొండ ఒక్కటే తక్కువ. ఆరవేసిన బట్టలపై హిరోషిగే తన పేరు గుర్తును, ప్రకాశకుని గుర్తును గడుసుగ వేసినాడు.

మన తీరముతో వారికి ఉన్న సంబంధము కూడ చెప్పవలసియున్నది. 17వ శతాబ్దము నుండి డచ్చి కంపెనీవారు మచిలీపట్నము మొదలైన కోరమాండలు రేవుల నుండి అద్దకపు బట్టలు కొని జపానుకు చేర్చెడివారు. జపానువారు వానిని 'సరస' అనిరి. తేనీరు సేవించు వేడుకలలో అమూల్యమైన పాత్రలను చుట్టి ఉంచుటకు ఆ గుడ్డ ముక్కలను వాడి దాచుకొనిరి. నేటికిని మచిలీపట్నము, పెడన ప్రాంతములలో కొయ్య దిమ్మెలతో కలంకారీ అద్దుచునే యున్నారు. అక్కడ దిమ్మె గుడ్డపైకి వచ్చును. జపానులో కాగితము దిమ్మెపైకి పోవును. భేదము అంతే.

ఇప్పుడు మాకు మనసున పట్టిన విషయము. బొమ్మ మూలన హొకుసాయి సంతకము కలదు. నిషిమురాయా పేరు చరిత్రలో నిలిచినది. అతడు ఈ వరుసలోనే ఒక కట్టెల అడితి బొమ్మలో, అడితి కొయ్యలపై తన పేరు, తన క్రొత్త బొమ్మల ప్రకటన వేయించుకొన్నాడు! మరి ఎజిరి బొమ్మలో ఆ కొండ గీతను ఉలితో తీసినవాడెవడు? వందలకొలది ప్రతులను బారెన్‌తో రుద్దినవాడెవడు? బొమ్మపై వారి పేర్లు లేవు. గీసినవానికి ఒకసారి సొమ్ము ఇచ్చిన తరువాత దిమ్మెలు ప్రకాశకునివే. అమ్ముడుపోయినంత కాలము అద్దించుకొనును. షావుకారు క్రింద నేసిన మన తాతలకు ఈ లెక్క తెలిసినదే.

అయితే హొకుసాయి ఆ పనివారిని మరచినవాడు కాడు. అతడు తన 14వ ఏట కొయ్య చెక్కువారి వద్ద శిష్యుడుగ చేరి కొన్నేండ్లు ఆ పనియే చేసినాడు. మంచి ఉలి చేతికి, చెడు ఉలి చేతికి గల భేదము అతనికి తెలియును. ఎగావా తోమెకిచి అను చెక్కువాడే తన బొమ్మలు చెక్కవలెనని ప్రకాశకులకు ఉత్తరములు వ్రాసెను. 1834లో మొదలైన 'ఫ్యూజీ నూరు దృశ్యములు' అను పుస్తకమున ఆ చెక్కువాని పేరు అచ్చైనది.

ఆనాడు ఈ బొమ్మలు చవుక. ఒకటి రెండు గిన్నెల సేమియా తినుటకు అగు ధరకు వచ్చెడివి. పనివారు కూడ కొని గోడకు అంటించుకొనిరి. ఇదే వరుసలోని పెద్ద అల బొమ్మ ఒక ప్రతి 2023 మార్చిలో న్యూయార్కు వేలములో 27 లక్షల డాలర్లకు పైగా పలికినది. 2024 జూలైలో విడుదలైన జపాను వెయ్యి యెన్ నోటు వెనుక కూడ ఆ అలయే ఉన్నది.

గోడతెర సంగతికి వత్తము. హొకుసాయి పోయి 175 ఏండ్లు దాటినది గాన ఎవరి అనుమతియు అక్కరలేదు. పని సాధ్యమే, సులభము మాత్రము కాదు. అసలు బొమ్మ ఇంచుమించు 15 అంగుళముల వెడల్పు, 10 అంగుళముల ఎత్తు. ఆ కొలతకే నేసినచో మన ముతక పన్నెకు సన్నగీత రాదు. మూడింతలు చేసి 45 అంగుళముల వెడల్పు, 30 అంగుళముల ఎత్తు పెట్టుకొన్నచో, అంగుళమునకు 24 పోగుల చొప్పున 1080 పోగులగును. ఒక పోగు మందము అసలు బొమ్మలో మిల్లీమీటరులో మూడవ వంతుకు సరిపోవును. గీత అప్పుడు నిలుచును.

చిక్కు కొండ దగ్గరనే వచ్చును. చూచుటకు తేలికగ నున్న ఆ ఒంటి గీతయే బొమ్మ అంతటిలో కష్టమైన నేత. ఉలికి ఏటవాలు గీత ఒక్క లాగు, మగ్గమునకు మెట్లు. పాదము దగ్గర వాలు తక్కువ గనుక కొన్ని పోగులకు ఒక్క పేక చొప్పున ఎక్కవలెను. శిఖరము దగ్గర నిటారు గనుక పోగు పోగుకు మెట్టు పడును. పేక దట్టముగ కొట్టినకొద్ది మెట్టు కంటికి కనబడదు. లోపల తెలుపు నేల ఒక్క లోపమును దాచదు. పేక వదులైనను, నూలు ముడి పడినను బయటపడును. జనము, కాగితములు, రెల్లు ఉన్నచోట తప్పు కలిసిపోవును. కొండలో కలియదు. ఆకాశపు నీలము తేలిపోవుటకు నాలుగు పోగులు కలిపి పేక చుట్టుకొనుడు: నాలుగును నీలము, తరువాత మూడు నీలము ఒకటి తెలుపు, తరువాత రెండేసి, ఆ తరువాత ఒకటి నీలము మూడు తెలుపు, కడపట నాలుగును తెలుపు. ఐదు ఛాయలు వచ్చును. ముందుగా శిఖరము భాగము ఒక్క అడుగు మాదిరి నేసి చూడవలెనని ఆ ఇద్దరు సభ్యులకు చెప్పినాము. నూలు సంఘము ఇచ్చును.

ఒక షరతు మాత్రము పెట్టదలచితిమి. కొన్నేండ్ల క్రిందట మన గోడతెరలను కొనిపోయిన ఒక వర్తకుడు మన సంఘపు ముద్రను కత్తిరించి తన ముద్ర కుట్టి అమ్ముట మేము కంట చూచినాము. అడిగినచో, "ముద్ర చూచి కొంటారు గాని నేసినవాణ్ణి చూచి కొంటారా?" అన్నాడు. ఆనాడు మాకు జవాబు తోచలేదు. ఈ తెర వెనుక అతికించు ముద్ర కాదు, నేతలోనే, క్రింది అంచున, మూడు పేర్లు రావలెనని మా అభిప్రాయము: బొమ్మ హొకుసాయిది, నూలు అద్దినవారు ఫలానా, నేసినవారు ఫలానా. అంచులో నేసిన పేరును కత్తిరించినచో తెర చెడును. దీనివలన ఒక్కొక్క తెరకు అదనముగ పట్టు పొద్దుకు కూలి ఎంత కట్టవలెనో, వర్తకులు ఒప్పుకొందురో లేదో అను సందేహములు కార్యవర్గమున వచ్చినవి. కొందరు వద్దనియు అన్నారు. వచ్చే సర్వసభ్య సమావేశమునకు ఈ విషయము పెట్టబడును. సభ్యులు తమ అభిప్రాయమును వ్రాతమూలముగ గాని, నూలుకు వచ్చినప్పుడు నోటిమాటగ గాని కార్యాలయమున తెలుపగోరుచున్నాము. బొమ్మ అంతవరకు త్రాసు ఎదుటనే యుండును.